సీనియర్ల ముడి ఎవరు చూస్తున్నారు?

క్లైంబింగ్ (తాడు రక్షణతో కొండరాళ్ళు, గోడలు ఎక్కే ఆట) క్లబ్బుల కార్యవర్గాలకు, శిక్షకులకు, ఏళ్ళ తరబడి తాడు మీద తిరుగుతున్న సీనియర్లకు,

నమస్కారం.

క్లబ్బుల్లో భద్రతా నియమాలు దాదాపు అన్నీ కొత్తవాళ్ళ కోసం రాసినవే. కొత్తగా చేరినవాళ్ళు ముడి వేస్తే శిక్షకుడు వచ్చి వేలు పెట్టి చూస్తాడు. వాళ్ళు బిలే చేస్తుంటే (ఎక్కేవాళ్ళు జారితే ఆపేలా కింద తాడు పట్టుకుంటుంటే) వెనక ఇంకొకరు తాడు కొస పట్టుకుని నిలబడతారు. పరీక్ష పెడతారు, పాస్ కాకపోతే లీడ్ చేయనివ్వరు (తాడును దారిలో తగిలించుకుంటూ ముందుగా ఎక్కనివ్వరు). అంతా బాగానే ఉంది. కానీ పాసైన మర్నాటి నుంచి ఆ మనిషి ముడిని చూసే నాథుడు ఉండడు. అయిదేళ్ళు గడిచాక ఎవరైనా చూడబోతే "నాకే చెప్తావా" అన్నట్టు ఒక చూపు ఎదురవుతుంది. పదేళ్ళ తర్వాత చూడబోయే సాహసమే ఎవరూ చేయరు. ఈ వరస మార్చమని అడగడానికే ఈ లేఖ. సీనియర్‌కు జూనియర్ కంటే తక్కువ తనిఖీ చాలు అన్న లెక్క తప్పు. అది ఎందుకు తప్పో, ఏయే చోట్ల ప్రాణం మీదికి తెస్తుందో కాస్త వివరంగానే చెబుతాం, ఓపిక పట్టండి.

ముందు అందరికీ తెలిసిన మూడు ప్రమాదాలు చూద్దాం. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ కొండల్లో లిన్ హిల్ ఒక తేలికైన మార్గం ఎక్కారు. ఆనాటికి ఆమె ప్రపంచంలోనే అగ్రశ్రేణి క్లైంబర్. తాడును నడుముకు, తొడలకు కట్టుకునే హార్నెస్‌లోంచి దూర్చారు, ముడి మాత్రం పూర్తి చేయలేదు. మధ్యలో ధ్యాస బూట్ల వైపు మళ్ళింది, వేసుకున్న జాకెట్ ఆ సగం పనిని కప్పేసింది. పైకి చేరి దిగడానికి వెనక్కి వాలగానే 20 మీటర్లకు పైగా పడిపోయారు. చెట్టు అడ్డం రావడంతో ప్రాణం దక్కింది. 2006 అక్టోబర్ 23న అమెరికాలోని యోసెమిటీలో లీనింగ్ టవర్ అనే కొండ మీద ర్యాపెల్ చేస్తూ (తాడు వెంట తానే జారుతూ దిగుతూ) క్లైంబర్ టాడ్ స్కిన్నర్ చనిపోయారు. హార్నెస్ ముందు భాగంలో పరికరం తగిలించే పట్టీ వలయం, అంటే బిలే లూప్, అరిగిపోయి తెగింది. అది అరిగిందన్న సంగతి అంతకుముందే గమనించి ఉన్నారు కూడా. 2019 నవంబర్ 27న మెక్సికోలోని ఎల్ పొత్రెరో చీకోలో బ్రాడ్ గోబ్రైట్, ఇంకొకరితో కలిసి ఒకే తాడు రెండు వైపుల నుంచీ ఏకకాలంలో ర్యాపెల్ చేస్తూ తాడు కొస దాటి పడిపోయి మరణించారు. తాడు సగానికి సమంగా లేదు, కొసలకు ముడులు లేవు. అంతకు రెండేళ్ళ ముందు యోసెమిటీలోని ఎల్ కాపిటాన్ కొండ మీద నోస్ అనే మార్గాన్ని అందరికంటే వేగంగా ఎక్కిన జంటలో ఆయన ఒకరు.

ఈ ముగ్గురిలో ఎవరూ పట్టు జారి పడలేదు. ముగ్గురికీ ముప్పు వచ్చింది తాడు మీద బరువు వేసి దిగే వేళలోనే, మొదటి నెలలో నేర్పే పనిలోనే. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా ప్రమాద నివేదికలు ప్రచురిస్తోంది. వాటిని తిరగేసినా అనుభవం బాగా ఉన్నవాళ్ళు ఇలాంటి చిన్న పనుల దగ్గరే దెబ్బతిన్న ఉదంతాలు మళ్ళీ మళ్ళీ కనబడతాయి.

ఎందుకిలా జరుగుతుంది? నిర్లక్ష్యం అనేస్తే సులువు, కానీ అందులో విషయం ఏమీ తెలియదు. లెక్క వేసి చూడండి. కొసలకు ముడి వేయకుండా ర్యాపెల్ చేయడం వంటి ఒక అడ్డదారి 10,000 సార్లకు ఒకసారి మనిషిని చంపుతుందనుకుందాం. ఇది ఊహకు తీసుకున్న అంకె మాత్రమే. అదే అడ్డదారిని ఒక మనిషి 700 సార్లు వాడితే చనిపోయే అవకాశం సుమారు 7 శాతం. అంటే అలా చేసిన ప్రతి 100 మందిలో 93 మంది ఏ దెబ్బా తగలకుండా మిగులుతారు. ఆ 93 మందికీ తమ పద్ధతి సరైనదనే నమ్మకం కుదురుతుంది. వాళ్ళే శిక్షకులవుతారు, వాళ్ళ అలవాటే పాఠమవుతుంది. మిగిలిన ఏడుగురు వచ్చి ఎదురు చెప్పలేరు. ఇక ముప్పు 1,000కి ఒకటి అయితే, 700 సార్లకు బతికి ఉండే అవకాశం సగానికి సగమే. అయినా ఆ బతికిన సగం మందీ "నేను ఇన్నిసార్లు చేశాను, ఏం కాలేదు" అనే అంటారు. "ఏం కాలేదు" అన్నది రాయి మీద ఏ ప్రశ్నకూ జవాబు కాదు. ముడి తప్పుగా ఉన్నా పడకపోతే ఆ తప్పు మనకు తెలిసే దారే లేదు.

1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోవడానికి కారణమైన రబ్బరు రింగులు అంతకుముందు ప్రయాణాల్లోనూ కాలి, అరిగి కనిపించాయి. నౌక ప్రతిసారీ క్షేమంగా తిరిగి రావడంతో ఆ అరుగుదలను మామూలుగా తీసుకోవడం మొదలైంది. దాని మీద పరిశోధన చేసిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్, ఇలా గీత దాటడమే క్రమంగా మామూలైపోయే తీరును విడమరచి చూపారు. మన క్లబ్బుల్లో జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ విచారణ సంఘాలు ఉండవు.

ఇక పని దగ్గరికి వద్దాం.

ముడి. ఎనిమిది అంకె ఆకారపు ముడిని వెనక్కి తిప్పి వేయడం అందరికీ వచ్చు. వచ్చు గనకే అది చేతులు చేసే పనైపోయింది, మెదడు అక్కడ ఉండదు. ముడిని తప్పుగా వేయడం వల్ల వచ్చే ప్రమాదాల కంటే సగంలో వదిలేయడం వల్ల వచ్చేవే సీనియర్లకు పెద్ద ముప్పు. మొదటి ఎనిమిది వేసి, తాడును హార్నెస్‌లోంచి దూర్చి, అంతలో ఎవరో పలకరిస్తే మాటల్లో పడి, కాసేపటికి కిందికి చూస్తే తాడు హార్నెస్‌లోంచి వెళుతూ కనిపిస్తుంది. కన్ను "అయిపోయింది" అని చెప్పేస్తుంది. కొత్తవాళ్ళకు ఇది తక్కువ, ఎందుకంటే ముడి వేస్తున్నంతసేపూ వాళ్ళు మాట్లాడలేరు.

విమానయానంలో దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. 1981 నుంచి అమెరికా విమానయాన నిబంధనల ప్రకారం 10,000 అడుగుల లోపు ఎత్తులో పైలట్లు విమానం నడపడానికి అవసరం లేని మాట మాట్లాడకూడదు. అదే నియమం ముడికీ పెట్టండి. తాడు కొస చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి ముడి బిగించేదాకా ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. ఎవరైనా మాట్లాడించారా, ముడి మొత్తం విప్పి మొదటి నుంచి వేయాలి. ఆపిన చోటి నుంచి కొనసాగించడం ఉండకూడదు. బూట్లు, చేతులకు రాసుకునే చాక్ పొడి సంచి, జాకెట్, అన్నీ ముడికి ముందే. జాకెట్ హార్నెస్ మీదికి జారకుండా లోపలికి దోపుకోవాలి.

చూసేటప్పుడు ఏం చూడాలి? తాడు కాళ్ళ పట్టీలను కలిపే పాయింటు, నడుము పాయింటు రెండింట్లోంచీ వెళ్ళిందా. ముడి పొడవునా తాళ్ళు జంటలుగా పక్కపక్కనే ఉన్నాయా. మిగిలిన కొస తాడు మందానికి కనీసం పది రెట్లు ఉందా, అంటే 10 మి.మీ. తాడుకు 10 సెం.మీ. నాలుగు వైపులా లాగి బిగించారా. నడుము బకిల్ సరిగ్గా పడిందా, పట్టీ కొస తగినంత మిగిలిందా. అవతల బిలే చేసేవాళ్ళ పరికరంలో తాడు సరైన వైపు ఎక్కిందా, క్యారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) తాళం వేసి ఉందా. తాడు తనంతట తాను పట్టేసే పరికరాల్లో తాడును తిరగేసి ఎక్కిస్తే అది పట్టదు, కాబట్టి క్లైంబర్ వైపు తాడును ఒక్కసారి గట్టిగా లాగి, పట్టిందని కళ్ళతో చూడాలి. మొత్తం 15 సెకన్ల పని.

"మా దగ్గర ఒకరినొకరు చూసుకోవడం ఉంది" అని మీరంటారు. ఉంది, అవును. ఇద్దరు సీనియర్లు ఎదురెదురుగా నిలబడి, తలలాడించి, "ఓకే?" "ఓకే" అనుకోవడం మేమూ చూస్తూనే ఉన్నాం. అది తనిఖీ కాదు, మర్యాద. కన్ను తాను ఆశించిందే చూస్తుంది, కాబట్టి చేత్తో ముట్టుకోవాలి, చూసింది నోటితో చెప్పాలి: "రెండు పాయింట్లు, ముడి పూర్తి, కొస ఉంది, బకిల్ ఉంది, తాళం పడింది." నోరు పలికేది చేతి కింద లేకపోతే మెదడు ఉలిక్కిపడుతుంది. తలాడింపుకు ఆ శక్తి లేదు.

పైన యాంకర్ (మార్గం చివర తాడుకు రాతిలో బిగించిన ఆధారం) దగ్గర మాట. క్లైంబర్ పైకి చేరాడు. అతని మనసులో కిందివాళ్ళు తనను దింపుతారని. కిందివాళ్ళ మనసులో అతను ర్యాపెల్ చేసుకుని వస్తాడని. పైనుంచి ఏదో కేక వినిపిస్తే కిందివాళ్ళు బిలే తీసేస్తారు, అతను వెనక్కి వాలతాడు. గాలి, వంపు తిరిగిన రాయి, పక్క తాడు మీద ఇంకొకరి కేకలు కలిసి వచ్చినప్పుడు ఇలాంటిది మరీ సులువుగా జరుగుతుంది. కొత్త జంటలు బయల్దేరే ముందు అన్నీ అడిగి తెలుసుకుంటారు. ఏళ్ళ తరబడి కలిసి ఎక్కుతున్న జంటలే "మనకు తెలిసిందేగా" అనుకుని అడగరు. ఈ ఒక్క చోట మాత్రం చనువు శత్రువు.

చేయాల్సింది రెండు పనులు. నేల మీదే తేల్చుకోవాలి: దింపడమా, ర్యాపెలా. ఒకసారి అనుకున్నాక పైన మనసు మార్చుకోకూడదు. రెండోది, యాంకర్‌కు కట్టుకున్న స్లింగ్ (బలమైన పట్టీ) విప్పే ముందు తాడు మీద పూర్తి బరువు వేసి, స్లింగ్ వదులైందని చూసుకుని, కింద తాడు పట్టుకున్నవాళ్ళు ఉన్నారని పేరు పెట్టి పిలిచి జవాబు విన్నాకే విప్పాలి. పేరు లేకుండా "పట్టుకున్నావా" అని అరిస్తే పక్క జట్టువాళ్ళు "పట్టుకున్నా" అంటారు.

యాంకర్ దగ్గరే సీనియర్లు చేసే ఇంకో పని ఉంది. డైనీమా అనే కృత్రిమ పోగుతో నేసిన స్లింగ్‌తో యాంకర్‌కు కట్టుకుని, ఏదో సర్దడానికి యాంకర్ కంటే పైకి ఎక్కి నిలబడతారు. ఆ స్లింగ్ మీద 22 కిలోన్యూటన్లు (తట్టుకునే బలానికి కొలత) అని రాసి ఉంటుంది, నిజమే. కానీ డైనీమా సాగదు. యాంకర్‌కు ఎగువ నుంచి జారితే ఆ చిన్న పతనంలోనే దెబ్బ మొత్తం స్లింగ్ మీదా, మీ నడుం మీదా పడుతుంది. స్లింగ్ మధ్యలో ముడి ఉంటే తెగిపోవచ్చు కూడా. యాంకర్ దగ్గర నిలబడాలంటే తాడుతోనే కట్టుకోండి. స్లింగే వాడాల్సి వస్తే అది ఎప్పుడూ బిగుతుగా, మీ కంటే పైన ఉండాలి.

ర్యాపెల్. అనుభవం మనిషిని ఎక్కువ మోసం చేసేది ఇక్కడే. ఎక్కడం పూర్తయింది, ఒళ్ళు అలిసింది, చీకటి పడుతోంది, మనసు అప్పటికే కిందికి చేరిపోయింది. ఎక్కేటప్పుడు పొరపాటు చేస్తే తాడు ఆదుకుంటుంది. ర్యాపెల్‌లో తాడే ఆధారం, వెనక ఇంకేమీ లేదు.

తాడు పొడవు సంగతి చూడండి. 60 మీటర్ల తాడుతో 32 మీటర్ల మార్గం నుంచి దింపాలంటే 64 మీటర్లు కావాలి, ముడులకు ఇంకో మీటరు. ఇది అందరికీ తెలిసిన లెక్కే. సీనియర్లకు తగిలే లెక్క వేరే ఉంది. కొస నలిగిందని 70 మీటర్ల తాడుకు ఒక వైపు 6 మీటర్లు కోసేశారు. మధ్య గుర్తు మాత్రం పాత చోటే ఉంది. ఆ గుర్తును యాంకర్‌లో పెట్టి దిగితే ఒక వైపు 35 మీటర్లు, ఇంకో వైపు 29. 30 మీటర్లు దిగాలనుకునేవాళ్ళకు ఒక వైపు తాడు అయిపోతుంది, ఆ కొస పరికరంలోంచి జారిపోతుంది, మిగతా తాడంతా యాంకర్‌లోంచి లాక్కుపోతుంది. తాడు కోసిన రోజే పాత గుర్తును చెరిపి లేదా టేపు చుట్టి, కొత్త మధ్య కొలిచి గుర్తు పెట్టండి, సంచి మీద కొత్త పొడవు రాయండి. గుర్తు పెట్టడానికి తాళ్ళ కోసమే చేసిన సిరా వాడండి.

కొసలకు ముడులు వేయాలి, ప్రతిసారీ. తాళ్ళు రెండూ కలిపి కాక, ఏ కొసకు ఆ కొసకే మూడు చుట్ల ముడి, 30 సెం.మీ. మిగిలేలా. "ముడి వేస్తే తాడు లాగేటప్పుడు పగుళ్ళలో ఇరుక్కుంటుంది" అన్నది సీనియర్ల నోట ఎక్కువగా వినే మాట. లాగే ముందు విప్పాలన్నది గుర్తుంచుకుంటే ఇరుక్కోదు. గాలికి కొసలు పక్కకు ఎగిరి ఇరుక్కుంటాయనే భయం ఉంటే తాడును విసరకుండా హార్నెస్‌కు తగిలించుకుని వదులుతూ దిగండి. ముడి మానేయడానికి అది కారణం కాదు.

పరికరం కింద 5 లేదా 6 మి.మీ. త్రాడుతో పట్టుముడి (బరువు పడగానే తాడును బిగించి పట్టే ముడి) ఉండాలి, మూడు నాలుగు చుట్లు. పరికరాన్ని స్లింగ్‌తో 30, 40 సెం.మీ. పైకి జరిపితే పట్టుముడి వెళ్ళి పరికరానికి తగలదు. తగిలితే పరికరం దాన్ని వదులు చేసి జార్చేస్తుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. నేల మీద ఒకసారి వేలాడి చూసి కొలత ఖాయం చేసుకోండి. పరికరం ఎక్కించాక స్లింగ్ ఇంకా యాంకర్‌కు ఉండగానే పూర్తి బరువు వేసి, చేతులు వదిలి, పట్టుముడి పట్టిందని చూసి, ఆ తర్వాతే విప్పాలి. ఇద్దరూ ఒకేసారి రెండు వైపులా దిగే పద్ధతి వేగంగానే ఉంటుంది. కానీ ఒకరి పొరపాటు ఇద్దరినీ తీసుకుపోతుంది. అత్యవసరం కాకపోతే క్లబ్ కార్యక్రమాల్లో దాన్ని నిషేధించమని మా గట్టి సలహా.

సామగ్రి సంగతి. హార్నెస్ ప్రమాణం ప్రకారం కొత్త బిలే లూప్ 15 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. 80 కిలోల మనిషి వేలాడితే పడే బరువుకు అది సుమారు 19 రెట్లు. ఇంత బలమైనది ర్యాపెల్ వంటి నెమ్మది పనిలో తెగాలంటే ఎంత అరిగి ఉండాలో ఊహించండి. సొంత స్లింగ్‌ను లూప్‌కు శాశ్వతంగా బిగించి ఉంచేస్తే లూప్ తిరగదు, అరుగుదల అంతా ఒకే చోట పడుతుంది, ఆ చోటును స్లింగే దాచేస్తుంది. ప్రతి రోజూ పని అయ్యాక స్లింగ్ విప్పి లూప్‌ను చుట్టూ తిప్పి చూడాలి. నూలు లేచినా, మెరుపు తేలినా, గట్టిపడినా ఆ హార్నెస్ ఇక పనికిరాదు. "ఈ నెల గడిపేద్దాం" అనుకోవద్దు. గుడ్డతో చేసిన సామగ్రికి, వాడకపోయినా సరే, చాలామంది తయారీదారులు 10 ఏళ్ళకు మించి ఆయుష్షు ఇవ్వరు. క్లబ్బుల్లో అన్నిటికంటే పాత హార్నెస్‌లు ఎవరి నడుముకు ఉంటాయో మేం చెప్పనక్కర్లేదు.

దింపడానికి వాడే క్యారబినర్‌లో తాడు రాపిడికి గాడి పడుతుంది. 1 మి.మీ. లోతుకు వస్తే తీసేయాలి. గాడి అంచు పదునెక్కితే తాడునే కోస్తుంది. తాడును నేరుగా స్లింగ్‌లోంచి వేసి ఎవరినీ దింపకూడదు. నైలాన్ మీద నైలాన్ ఒకే చోట రాసుకుంటే నిమిషాల్లో కరిగి తెగుతుంది. ఇది మీకు తెలుసు. తెలిసీ "ఒక్కసారికేగా" అని చేసే పనుల్లో ఇదొకటి.

ఇండోర్ గోడల మీద ఆటో బిలే యంత్రాల (మనిషి లేకుండా తామే తాడు పట్టేవి) గురించి ఒక్క మాట. అక్కడి పెద్ద ప్రమాదం యంత్రం చెడిపోవడం కాదు, అసలు క్లిప్ తగిలించుకోకుండానే ఎక్కేయడం. అది వరసగా పది మార్గాలు ఎక్కే అలవాటున్నవాళ్ళకూ జరుగుతుంది. ఎక్కే ముందు నడుం దగ్గర ఒకసారి లాగి చూసుకోవాలి, మూడో పట్టు దగ్గర ఇంకోసారి.

ఇప్పుడు కార్యవర్గాలకు. సీనియర్ ముడిలో లోపం కనిపించినా జూనియర్ నోరు విప్పడు. తప్పు తనదేమో అనుకుంటాడు, లేదా పెద్దాయన ఏదో తెలిసే చేసి ఉంటాడనుకుంటాడు. ఈ మౌనాన్ని పోగొట్టాల్సింది మీరు, జూనియర్ కాదు. కొత్తవాళ్ళ మొదటి పాఠంలోనే శిక్షకుడు కావాలని ముడి తప్పుగా వేసుకుని నిలబడాలి, పట్టుకున్నవాళ్ళను అందరి ముందూ మెచ్చుకోవాలి. ఇలా నెలకోసారి, చెప్పకుండా చేయండి. నేల మీదే సుమా, ఎక్కకుండా. "ఆగు" అనే మాట ఎవరి నోట వచ్చినా అందరూ ఆగాలి, కారణం తర్వాత అడగొచ్చు. అన్నవాళ్ళు పొరబడ్డా వెక్కిరింపు ఉండకూడదు. ఒక్కసారి వెక్కిరించారంటే ఆ ఏడాదంతా ఇంకెవరూ అనరు.

తప్పిన గండాలు రాయడానికి ఒక పుస్తకం పెట్టండి. పేర్లు వద్దు. ఏ పని, ఏ అడుగులో ఆగింది, ఎవరు గమనించారు, ఆ రోజు ఎన్నింటికి మొదలుపెట్టారు, ఇవి చాలు. ఆ పుస్తకంలో మొదటి పేజీ సీనియర్లే రాయాలి, లేకపోతే అది ఖాళీగానే ఉంటుంది. ఒకే చోట మూడు నమోదులు వస్తే ఆ పనికి నియమం మార్చే సమయం వచ్చినట్టే.

ఏడాదికోసారి అందరికీ పరీక్ష ఉండాలి. కొత్తవాళ్ళకు పెట్టే పరీక్షే, అవే మార్కులు: ముడి, బిలే, లీడ్ పతనాన్ని పట్టడం, యాంకర్ విప్పడం, పట్టుముడితో ర్యాపెల్, సొంత హార్నెస్ తనిఖీ. పరీక్ష పెట్టేవాళ్ళు వేరే క్లబ్ నుంచి వస్తే మంచిది, సొంతవాళ్ళ మధ్య మొహమాటం పని చెడగొడుతుంది. పాస్ కాని సీనియర్ మళ్ళీ పాసయ్యేదాకా ఎవరికీ నేర్పకూడదు. తాను ఎక్కడానికి అభ్యంతరం లేదు, పైన చెప్పిన తనిఖీతోనే.

దీనికి వచ్చే అభ్యంతరం మాకు తెలుసు: "ఇన్నేళ్ళ తర్వాత మమ్మల్ని పరీక్షించడమేంటి, మంచివాళ్ళు క్లబ్ వదిలి వెళ్ళిపోతారు." కొందరు వెళ్ళవచ్చు. 15 సెకన్లు తన ముడిని ఇంకొకరికి చూపించలేక వెళ్ళిపోయే శిక్షకుడి చేతికి మీ కొత్తవాళ్ళను అప్పగించాలా అన్నది మీరే తేల్చుకోండి.

వచ్చే సమావేశం ఎజెండాలో ఈ విషయం పెట్టండి. వార్షిక పరీక్షకు తేదీ ఖాయం చేసి, హాజరయ్యేవాళ్ళ జాబితా గోడ మీద అంటించండి. జాబితాలో మొదటి పేరు ప్రధాన శిక్షకుడిది, రెండోది అధ్యక్షుడిది ఉండాలి. హార్నెస్‌లు సొంతవే తెచ్చుకోమనండి.

ఇట్లు,
తాడు పని నేర్పే కొందరం